స్టేషన్‌కి రంగులు తర్వాత, ముందు తలుపున్న గది కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హోం మంత్రులకు, డీజీపీలకు, పోలీసు గృహనిర్మాణ సంస్థల అధికారులకు నమస్కారం.

నేను చిన్న పట్టణాల మెజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. ముద్దాయి తరఫున వాదిస్తాను, ఫిర్యాదుదారు పక్కనా కూర్చుంటాను. రెండు పనులకీ పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కక తప్పదు. పోలీసుల తీరు మీద మీకు ఉత్తరాలు బోలెడు వస్తుంటాయి. ఇది పోలీసుల మీద కాదు, వాళ్లు పనిచేసే కట్టడం మీద. ఎప్పుడో తాతల కాలంలో కట్టి, అటుపక్క ఒక షెడ్డు, ఇటుపక్క ఒక రేకుల వసారా తగిలిస్తూ నెట్టుకొస్తున్న స్టేషన్లు మన చిన్న ఊళ్లలో ఇంకా ఉన్నాయి. వాటికి రంగులు వేయిస్తున్నారు, గేటు దగ్గర ఆర్చి కట్టిస్తున్నారు, రిసెప్షన్ బల్లకి గ్రానైట్ వేయిస్తున్నారు. వద్దనను. కానీ అంతకంటే ముందు కావలసింది, వచ్చిన మనిషి తన గోడు చెప్పుకోడానికి తలుపు వేసుకునే వీలున్న ఒక గది.

పాత స్టేషన్ ఏ ఊళ్లో చూసినా ఇంచుమించు ఒకే అచ్చు. ముందు వరండా, అందులో సెంట్రీ. లోపల హాలు. ఒక పక్క ఎస్సై గది, ఇంకో పక్క లాకప్, దాన్ని ఆనుకుని తుపాకుల గది, వెనక రికార్డులు. ఈ నమూనా 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం, 1861 నాటి పోలీసు చట్టం పుట్టిన కాలపు ఆలోచన నుంచి వచ్చింది. అప్పట్లో పోలీసు పని ఆయుధాలు కాపాడటం, దొరికినవాణ్ని బంధించడం, పైవాళ్లకి కబురు పంపడం. అందుకే తుపాకీకి గది ఉంది, ఖైదీకి గది ఉంది, ఎస్సైకి గది ఉంది. ఫిర్యాదుకి వచ్చిన మనిషికి మాత్రం ప్లానులోనే చోటు లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కట్టినవాటిలో కూడా చాలావరకు అదే ప్లాను కాపీ కొట్టారు.

ఇది పేపర్ మీద చిన్న లోపంలా కనిపిస్తుంది. ఎదురుగా కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఈ మధ్య ఒకావిడ వెంట స్టేషన్‌కి వెళ్లాను. భర్త కొడుతున్నాడు, ఇంకా చెప్పుకోలేనివి చేస్తున్నాడు. హాల్లో ఏఎస్సై గారి బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక బెంచీ మీద ఇసుక ట్రాక్టర్ విడిపించుకోడానికి వచ్చినవాళ్లు, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కి వచ్చిన ఒక కుర్రాడు. ఏఎస్సై గారు మంచి మనిషి, మర్యాదగానే అడుగుతున్నాడు. కానీ పైన ఫ్యాను చేసే చప్పుడుకి ఆవిడ మాట ఆయనకి వినపడదు. "ఎక్కడమ్మా? గట్టిగా చెప్పండి, ఎక్కడ కొట్టాడు?" అని ఆయనే గొంతు పెంచాల్సి వచ్చింది. బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ట్రాక్టర్ వాళ్లలో ఒకడు వాళ్ల వీధివాడే. కొంగు సర్దుకుని "అంతే సార్, ఇంకేం లేదు" అంది. కాగితం మీద అదొక మామూలు కుటుంబ తగాదా అయి కూర్చుంది. ఆ తర్వాత నేనెంత అడిగినా ఇంకో కాగితం రాయడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

చట్టంలో లోటు లేదు. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. లైంగిక నేరాల బాధితురాలు చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలని దాని 173వ సెక్షన్ అంటుంది. నిర్భయ నిధులతో మహిళా హెల్ప్ డెస్కులు పెట్టారు. చాలాచోట్ల అది ఏంటంటే, అదే హాల్లో ఒక మూల బల్ల, దాని వెనక గులాబీ రంగు ఫ్లెక్సీ. బెంచీకి దూరం నాలుగు అడుగులు. పిల్లల సంగతి ఇంకా విచిత్రం. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి, తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. సరే, ఉన్నట్టుండి ఒక ఇంటికి బయల్దేరాల్సిన మహిళా ఎస్సై యూనిఫాం ఎక్కడ మార్చుకోవాలి? రికార్డుల గదిలో బీరువాల మధ్య, బయట ఇంకో కానిస్టేబుల్‌ని కాపలా పెట్టి.

మహిళా సిబ్బంది మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. పోలీసుల్లో మూడో వంతు ఆడవాళ్లుండాలని కేంద్రం రాష్ట్రాలకు ఎన్నోసార్లు రాసింది. మన నియామకాల్లోనూ వాళ్లకి వాటా ఉంది, అమ్మాయిలు పరీక్షలు రాసి, పరుగులు తీసి వస్తున్నారు. వాళ్లు చేరిన స్టేషన్‌లో మరుగుదొడ్డి ఒక్కటే, అదీ పెరట్లో, గడియ సరిగ్గా పడదు. పక్కవీధిలో తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లొస్తామని చెప్పినవాళ్లున్నారు. డ్యూటీలో నీళ్లు తాగడమే తగ్గించేశామన్నవాళ్లూ ఉన్నారు. ఎండాకాలం బందోబస్తులో నీళ్లు తాగకుండా నిలబడితే ఏమవుతుందో డాక్టర్‌ని అడగక్కర్లేదు. నైట్ డ్యూటీలో నడుం వాల్చడానికి మగవాళ్లకైతే హాల్లో బల్లో, బెంచీయో దొరుకుతుంది. ఆడవాళ్లకి అదీ లేదు.

ఇక లాకప్. పాతవాటిలో మరుగుదొడ్డి ఉంటే మూలనే ఉంటుంది, అడ్డుగోడ నడుం ఎత్తు. లేనిచోట అర్ధరాత్రి అయినా సరే ముద్దాయిని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లాలి. "బాత్రూంకని తీసుకెళ్తే గోడ దూకి పరార్" అనే వార్త మీరూ చదివే ఉంటారు. మర్నాడు కానిస్టేబుల్ సస్పెండ్ అవుతాడు. గోడ ఎత్తు అంతే ఉంటుంది, మరుగుదొడ్డి అక్కడే ఉంటుంది. ఇంకో భయం కూడా ఉంది. లాకప్‌లో మనిషి చనిపోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలియజేయాలన్న నిబంధన 1993 నుంచి ఉంది. తెలియజేయడం సరే, అసలు జరగకుండా చూడటానికి గది కట్టే తీరు కూడా ముఖ్యమే. తువ్వాలు ముడి వేయడానికి వీలైన కొక్కేలు, అందేంత ఎత్తులో అడ్డ చువ్వలు, సెంట్రీ కూర్చున్నచోటు నుంచి కనిపించని మూలలు పాత లాకప్‌ల్లో మామూలు. వాటిని తీసేయడానికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, వెల్డర్ని, మేస్త్రీని పిలిస్తే చాలు. దీనికి బడ్జెట్ లేదంటే నేను నమ్మను.

విచారణ సమయంలో తనకు నచ్చిన న్యాయవాదిని కలిసే హక్కు అరెస్టయిన వ్యక్తికి నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షన్ ఇచ్చింది. నా క్లయింట్‌తో నేను మాట్లాడేది లాకప్ చువ్వల దగ్గర నిలబడి. పక్కనే సెంట్రీ, అతని తప్పు కాదు, అతని డ్యూటీ అక్కడే. వాడేదో చెప్పబోతాడు, సెంట్రీ వైపు చూసి ఆగిపోతాడు. ఫిర్యాదుకి వచ్చిన ఆవిడకి జరిగిందే వీడికీ జరుగుతుంది. ఒక గది ఉంటే పొద్దున ఆవిడకి పనికొస్తుంది, సాయంత్రం వీడికి పనికొస్తుంది.

సీసీ కెమెరాల గురించి సుప్రీంకోర్టు చెప్పాల్సినదంతా చెప్పేసింది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో గేటు, లోపలికి బయటికి దారులు, లాకప్‌లు, వరండా, హాలు, ఎస్సై గది, బాత్రూముల బయటి భాగం, వెనక పెరడు అని పేరుపేరునా రాసింది. రాత్రి కూడా కనపడాలి, మాటలు కూడా వినపడాలి, రికార్డు 18 నెలలు ఉండాలి, అంత నిల్వ ఉండే పరికరం దొరక్కపోతే కనీసం ఏడాది అంది. 2025 సెప్టెంబరులో మళ్లీ తనంతట తానే ఈ విషయం కేసుగా తీసుకుందంటే పరిస్థితి ఎలా ఉందో అర్థం చేసుకోవచ్చు. ఫుటేజీ కావాలని కోర్టులో పిటిషన్ వేస్తే నాకొచ్చే జవాబుల్లో సగం బిల్డింగ్ జవాబులే. గోడ చెమ్మకి వైరింగ్ షార్ట్ అయిందంటారు, వర్షానికి డబ్బాలోకి నీళ్లు పోయాయంటారు, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ నిలవలేదంటారు. అందులో నిజమెంతో సాకెంతో తేల్చుకునే దారి నాకు లేదు. కారే కప్పు అలాగే ఉన్నంతకాలం ఆ జవాబు అలాగే చెల్లుతుంది. ఒక మాట. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, హాళ్లలో యజమానులు కెమెరాలు పెట్టాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం చేశారు. కిరాణా కొట్టాయనకి నోటీసిచ్చే స్టేషన్‌లో కెమెరా పనిచేయకపోతే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

నా వృత్తిలో నాకు బాగా తెలిసినది ప్రాపర్టీ గది. నేరంలో స్వాధీనం చేసుకున్నవన్నీ పెట్టే చోటు. తలుపు తీస్తే ముందు వచ్చేది వాసన. నాటుసారా, పాత బట్టలు, ఎలుకలు, అన్నీ కలిసిన వాసన. గోనె సంచులు, కత్తులు, సెల్‌ఫోన్ల కవర్లు, విరిగిన సైకిల్ హ్యాండిల్, ఏ కేసుదో ఎవరికీ గుర్తులేని కుక్కర్. ప్రతిదానికీ ఒక చీటీ ఉండాలి, నేరం నంబరు, తేదీ, పంచనామా సాక్షుల సంతకాలు, లక్క సీలు. పై కప్పు నుంచి చుక్కచుక్కగా నీళ్లు పడిన సంచి మీద చీటీలో మిగిలేది నీలం మరక. రక్తపు మరకలున్న బట్టని నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, తడి మీద ప్లాస్టిక్ సంచిలో మూట కడితే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. ఈ సంగతి పోలీసులకి తెలియక కాదు. ఆరబెట్టడానికి చోటు లేదు, అంతే.

కోర్టులో ఆ చొక్కా బయటికి తీసినప్పుడు నేనేం చేస్తానో దాచను. "ఈ చీటీ మీద ఏం రాసి ఉందో చదవండి" అని దర్యాప్తు అధికారిని అడుగుతాను. ఆయన చదవలేడు. సీలు సగం ఊడి ఉంటుంది. నా ముద్దాయికి అది లాభం, అది వాడుకోవడం నా బాధ్యత, రేపు కూడా వాడుకుంటాను. కాకపోతే అటు పక్క కూర్చున్న చనిపోయినవాడి తండ్రికి ఆ కేసు ఎందుకు వీగిపోయిందో ఎవరూ చెప్పరు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలని కొత్త చట్టం 176వ సెక్షన్‌లో చెప్పింది. సోదా, స్వాధీనం వీడియో తీయాలని 105వ సెక్షన్ చెప్పింది. అంత జాగ్రత్తగా తెచ్చినది ల్యాబుకి వెళ్లేదాకా, ల్యాబు నుంచి వచ్చి కోర్టు మెట్లెక్కేదాకా ఉండేది ఆ గదిలోనే కదా.

గంజాయికి విడిగా భద్రమైన గోదాములు ఏర్పాటు చేయాలని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికీ రాష్ట్రాలకీ చెప్పింది. చిన్న స్టేషన్లలో ఒక్క లారీ పట్టుకుంటే ప్రాపర్టీ గది నిండిపోతుంది. అప్పుడు మూటలు లాకప్‌లోకి వెళ్తాయి, ముద్దాయిలు వరండాలో కూర్చుంటారు. క్వారీలున్న ప్రాంతాల్లో జిలెటిన్ స్టిక్కులు, దీపావళి ముందు బాణసంచా కూడా ఇదే దారిలో వస్తాయి. 2025 నవంబరులో శ్రీనగర్ దగ్గర నౌగాం స్టేషన్‌లో, పట్టుకొచ్చిన పేలుడు పదార్థాల శాంపిళ్లు తీస్తుండగా పేలుడు జరిగి తొమ్మిది మంది చనిపోయారు. ఊరి మధ్య ఉన్న స్టేషన్‌లో అలాంటివి ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.

ఆవరణలో తుప్పు పట్టిన బండ్ల సంగతికి చట్టంలోనే విరుగుడుంది. సీజ్ చేసిన వాహనాలు స్టేషన్లలో కుళ్లిపోనివ్వొద్దని, ఫొటోలు, పూచీకత్తు తీసుకుని త్వరగా అప్పగించాలని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్‌లో గడువులే పెట్టారు, వివరాల పట్టికకి 14 రోజులు, ఆ తర్వాత అప్పగింత ఉత్తర్వుకి 30 రోజులు. ఇక్కడ పోలీసులతో పాటు మా కోర్టులు, మా న్యాయవాదులు కూడా కదలాలి, ఒప్పుకుంటాను. కదిలితే చాలా స్టేషన్లలో కొత్త గది కట్టుకోడానికి కావలసిన జాగా ఆ బండ్ల కిందే దొరుకుతుంది.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయం. నిధులు లేక స్టేషన్లు దాతల మీద బతుకుతున్నాయి. ఫ్యాన్లు ఒకాయన ఇచ్చాడు, వాటర్ కూలర్ ఇంకొకాయన, హాల్లో టైల్స్ వేరొకాయన. బెంచీ వీపు మీద తెల్ల అక్షరాలతో "ఫలానా వారి సౌజన్యంతో" అని రాసి ఉంటుంది. ఆ ఫలానా వారు చిన్న ఊళ్లో ఎవరై ఉంటారు? రియల్ ఎస్టేట్ చేసేవాళ్లు, ఫైనాన్స్ నడిపేవాళ్లు, మద్యం వ్యాపారులు, క్రషర్ యజమానులు. నా దగ్గరికొచ్చిన ఒక రైతు తన పొలం గట్టు చెరిపేసినవాడి మీద ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లి, అదే మనిషి పేరు రాసి ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. ఆయనకి పెద్దగా చదువు రాదు గానీ ఆ పేరు మాత్రం చదవగలిగాడు. ఎస్సై గారు నిజాయితీపరుడే కావచ్చు, కేసు కూడా కట్టొచ్చు. ఆ రైతు మనసులో మాత్రం కేసు అప్పుడే అయిపోయింది. "ఇక్కడ మనకేం జరుగుద్ది సార్" అన్నాడు నాతో, కోపం కూడా లేకుండా.

దయచేసి ఈ పద్ధతి ఆపండి. స్టేషన్‌కి వస్తువు రూపంలో గానీ డబ్బు రూపంలో గానీ ప్రైవేటు విరాళం తీసుకోకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఇప్పటికే గోడల మీద, బెంచీల మీద ఉన్న పేర్లు చెరిపించండి, దానికి ఒక డబ్బా పెయింట్ చాలు. దానికి బదులు నెలనెలా నిర్వహణ డబ్బు సక్రమంగా రావాలి. తెలంగాణ ఏర్పడ్డాక స్టేషన్లకి నెలవారీ ఖర్చులివ్వడం మొదలుపెట్టారు, మంచి పని. కానీ రెండు రాష్ట్రాల్లోనూ ఆ డబ్బు స్టేషన్‌కి సమయానికి చేరుతోందా లేదా అని ఎస్పీ స్థాయిలో కాదు, స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ని పిలిచి అడగండి. బల్బు పోతే, ప్రింటర్ ఇంకు అయిపోతే, కుళాయి కారితే జేబులోంచి పెట్టేది ఎవరో ఆయన చెప్తాడు. పై అధికారుల తనిఖీ ఉందంటే వారం ముందు నుంచి ఇటుకలకి ఎరుపు తెలుపు రంగులు, పూలకుండీలు వచ్చేస్తాయి. ఆ హడావుడి కూడా ఎవరో ఒక దాత ఖర్చే అని మీకూ తెలుసు.

కొత్త బిల్డింగ్ మంజూరైన చోట ఇంకో రెండు చిక్కులున్నాయి. పాతదాన్ని రోడ్లు భవనాల శాఖ శిథిలం అని రాసిచ్చిన వెంటనే స్టేషన్‌ని అద్దె ఇంట్లోకి మారుస్తారు. వంటగది లాకప్ అవుతుంది, బెడ్‌రూమ్ ఎస్సై గది అవుతుంది, పూజగదిలో వైర్‌లెస్ సెట్టు పెడతారు. తాత్కాలికం అన్నది ఏళ్లు గడుస్తుంది. రెండోది, కొత్త స్టేషన్‌కి స్థలం ఊరి బయట బైపాస్ పక్కన చూపిస్తారు. పాత స్టేషన్ బస్టాండుకి నడిచే దూరంలో ఉంటుంది. రాత్రి పదింటికి తన్నులు తిని ఇంట్లోంచి బయటపడిన మనిషి నడిచి వెళ్లగలదు. బైపాస్‌కి ఆటో కావాలి, ఆటోవాడు ఊరివాడే. ఊరి మధ్య స్థలానికి రేటు పెరిగిందని దాన్ని షాపింగ్ కాంప్లెక్స్‌కి వదిలేసి స్టేషన్‌ని పొలాల్లోకి పంపకండి.

అలాగని పాతవన్నీ కూలగొట్టమని కూడా నేను అడగడం లేదు. గానుగ సున్నంతో కట్టిన లావు గోడలు, కర్ర దూలాల మీద ఇటుకలు పేర్చిన ఎత్తయిన మద్రాసు టెర్రస్ కప్పులు ఉన్నవి కొన్ని ఈరోజుకీ గట్టిగా ఉన్నాయి, మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటుంది. సిమెంటు పూసి, టైల్స్ అంటించి వాటి ఊపిరి ఆపేశారు గానీ గోడల తప్పు లేదు. ఇంజనీరు చూసి పర్లేదంటే ముందు భాగం ఉంచి, కప్పు బాగుచేసి, వెనక ఒక బ్లాకు కట్టండి. ఆ బ్లాకులో తలుపు, కిటికీ ఉన్న మాట్లాడుకునే గది, ఆడవాళ్లకి మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, చెమ్మ తగలని ప్రాపర్టీ గది. మెట్ల పక్కన ర్యాంపు. దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ భవనాలన్నీ అందుబాటులోకి తేవాల్సిన గడువు 2022లోనే దాటిపోయింది.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కింద ఎవరూ అడగకుండానే మీరు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి స్టేషన్‌ బిల్డింగ్ ఏ సంవత్సరంలో కట్టింది, సొంతమా అద్దెదా, కప్పు కారుతోందా, ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉందా, విడిగా మాట్లాడే గది ఉందా, కెమెరాలు పనిచేస్తున్నాయా అన్న పట్టిక జిల్లాలవారీగా బయటపెట్టండి. దాన్ని చూసి ఎక్కడ ముందు కట్టాలో ప్రజలే చెప్తారు. ఇప్పుడు ఎక్కడ కడుతున్నారో చూస్తే ఎవరి నియోజకవర్గమో ముందు తెలుస్తోంది.

ఇక ప్లాను సంగతి. రాజధానిలో ఆర్కిటెక్టు గీసిన ఒకే డ్రాయింగ్ ఊరూరా పంపకండి. సంతకం పెట్టేముందు ఆ డ్రాయింగ్‌ని ఏదైనా ఒక పాత స్టేషన్‌లో రైటర్ బల్ల మీద పరచండి. ఆ రైటర్ని, నైట్ డ్యూటీ చేసే ఒక మహిళా కానిస్టేబుల్‌ని, ఒక లీగల్ ఎయిడ్ లాయర్ని, ఆ స్టేషన్‌లో ఎప్పుడో ఒక ఫిర్యాదు ఇచ్చిన ఒకరిద్దరు ఆడవాళ్లని పిలిచి కూర్చోబెట్టండి. తలుపు ఏ వైపు ఉండాలో, బెంచీ ఎంత దూరంలో ఉండాలో వాళ్లు చెప్తారు. పిలిస్తే, నేను కోర్టుకి సెలవు పెట్టుకుని వస్తాను.

ఇట్లు,
చిన్న ఊరి కోర్టులో ఒక న్యాయవాది